నట్టు మీద ఎర్రగీత

మేస్త్రి పోయిన కబురు నాకు నాతవరంలో అందింది. పొద్దున్న పదిన్నర. ఒక రైతు వాకిట్లో షామియానా కింద ఊరి జనం కూర్చుని ఉన్నారు. నేను గ్రంథం తెరిచి, రెండు సేనల మధ్య రథం నిలిపిన ఘట్టం చెబుతున్నాను. జేబులో ఫోను మోగుతూనే ఉంది. ప్రవచనం మధ్యలో ఫోను ఎత్తినవాళ్ళని లేపి నిలబెట్టి కడిగేసే మనిషిని నేను. ఆ వేళ ఎందుకో నేనే ఎత్తాను.

మేస్త్రి షెడ్డు పక్కన టీకొట్టు పెట్టుకున్న ఆవిడ గొంతు అది. "గురువుగారండీ, మేస్త్రి ఎల్లిపోయేరండి. జరం తగ్గిందని గంజి తాగేరంట. గోడకి జారబడి కూకున్నోరు, అలగే ఉండిపోయేరంట."

గ్రంథం మూసేశాను. "నా స్టీరింగు మేస్త్రి పోయాడు, ఈ పూట ఇంతే" అని జనానికి చెప్పాను. వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచాడు.

"ఏ మేస్త్రి? అనకాపల్లిలో బెల్లం మార్కెట్టు ఎనకాల రేకుల షెడ్డు మేస్త్రేనా?"

అవునన్నాను.

"అయితే ఉండండి, సొక్కా ఏసుకుని వత్తాను. నా ట్రాక్టరు ఆయన సేతి సలవే."

ఆయనా, ఇంకో ఇద్దరూ నా కారెక్కారు. దారి పొడుగునా గతుకుల్లో తలుపులు కొట్టుకున్నాయి, అద్దాలు గలగలలాడాయి. స్టీరింగు మాత్రం ఇసుమంతైనా ఊగలేదు. దాన్ని బిగించిన చేతులు అప్పటికే చల్లబడిపోయాయి.

ఆ సాయంత్రం మేస్త్రిని మోసుకెళ్తుంటే వెనక జీపులూ ఆటోలూ వరస కట్టాయి. అందులో ఎక్కువ మాకవరపాలెం బళ్ళే. చూసినవాళ్ళు ఆశ్చర్యపోయారు. నేను ఆశ్చర్యపోలేదు. ఒకప్పుడు ఆ ఊరి బండి ఒక్కటి కూడా ఆయన షెడ్డు ముఖం చూడకుండా చేసినవాణ్ణి నేనే. ఆ సంగతి ఈ రోజు చెప్పి తీరాలి.

పెద్దకార్యం నాడు నన్ను నాలుగు మాటలు మాట్లాడమన్నారు. మైకు చూస్తే జంకని మనిషిని, ఆ రోజు దాన్ని పక్కవాడి చేతికిచ్చి కూర్చుండిపోయాను. అందుకని రాస్తున్నాను. ఇటువంటి మనిషి మా ఊళ్ళో బతికాడనీ, నన్ను బావా అని పిలిచాడనీ గొంతెత్తి చెప్పుకోవాలని ఉంది. చదివేవాళ్ళు కూడా దీన్ని కాస్త కేకేసి చదవండి.

నేను బడిలో చదువుకున్నవాణ్ణి కాదు. బెల్లం మార్కెట్టులో దిమ్మలు మోసేవాణ్ణి. మధ్యాహ్నం ఖాళీ దొరికితే బస్తాల మీద కూర్చుని గ్రంథంలో ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నాను. అర్థం కానిచోట ఎవరినీ అడగలేదు, మళ్ళీ చదివాను. అలా వచ్చిన చదువు కనక నోటికి పదునెక్కువ. చీడికాడ, మాకవరపాలెం, నాతవరం, ఏ ఊరు పిలిస్తే ఆ ఊరు వెళ్ళి తాగుడు మీదా, చాడీల మీదా, సోమరితనం మీదా నిప్పులు కురిపిస్తాను. గ్రంథం గుడ్డసంచిలో ఎప్పుడూ నా భుజానే ఉంటుంది. మేస్త్రి ఆ సంచిని చూసి నవ్వేవాడు.

"నీకు ఆ పుస్తకం, నాకు ఈ పానాల పెట్టె. రెండూ ఇప్పితేనే గానీ లోపల ఏటుందో తెలీదు బావా."

మాకు చుట్టరికం ఏమీ లేదు. షెడ్డులో ఉంటే బావా అనేవాడు, నలుగురిలో ఉంటే గురువుగారూ అనేవాడు. ఆ తేడా ఎప్పుడూ తప్పేవాడు కాదు.

స్టీరింగు పని తప్ప ఇంకోటి ముట్టుకునేవాడు కాదు. ఇంజను చూడమంటే పక్క షెడ్డు చూపించేవాడు. విప్పిన బోల్టుని ఏనాడూ నేల మీద పెట్టలేదు. అంచు సొట్టలు పోయిన స్టీలు కంచం ఒకటి ఉండేది. అందులో విప్పిన వరసలోనే చుట్టూ పేర్చేవాడు. బిగించేటప్పుడు చివర విప్పినదానితో మొదలుపెట్టి వెనక్కి వచ్చేవాడు. కంచంలో ఒక్క వాషరు మిగిలినా మొత్తం మళ్ళీ విప్పాల్సిందే. ఏదీ మిగలకపోతే కంచం బోర్లించి చూపించి "తినేసేను" అనేవాడు.

బండి వస్తే ముందు స్టీరింగు చక్రం తిప్పేవాడు కాదు. రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందకీ, తనవైపుకీ లాగి, కళ్ళు మూసుకుని వినేవాడు. అంతసేపూ టీకొట్టు ఆవిడ కూడా పాటలు ఆపేసేది.

"తిప్పితే కింద జాయింట్లు పలుకుతాయి. లాగితే చక్రాన్ని మోసే గొట్టం పలుకుతాది. ఎవుడు పలికేడో తెలీకండా పానా ఎత్తకూడదు" అనేవాడు. ఇది నేను ఎన్ని ఊళ్ళలో వాడుకున్నానో లెక్కలేదు. ఇంట్లో తగువులొచ్చినప్పుడు ఎవరు పలికారో తెలుసుకోకుండా చెయ్యెత్తకండి అని చెబుతుంటాను. అది గ్రంథంలో మాట అనుకుని రాసుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. కాదు నాయనా, అది రేకుల షెడ్డులో మాట.

సముద్రం వైపు నుంచి చేపలు తెచ్చే వ్యాను వస్తే ఎంతటివాళ్ళ కారున్నా పక్కకి నెట్టేవాడు. ఒకసారి నా కళ్ళ ముందే అలాంటి వ్యాను వచ్చింది. ఉప్పు తిని బోల్టులు తుప్పుపట్టి స్టీరింగు బిగుసుకుపోయింది. వెనక బుట్టల మీద కూర్చున్నావిడ దిగకుండానే అరిచింది.

"ఓ మేస్త్రీ, బేగి సెయ్యి! నువ్విలగ నాన్సితే నా సేపలు లేసి నడిసి పోతాయి."

"పోనీయమ్మా. ఎటూ అనకాపల్లి బజారికే కదా ఎల్తాయి" అంటూ ఆయన కింద దూరాడు. మంచునీళ్ళూ ఉప్పునీళ్ళూ కలిసి మొహం మీద కారుతుంటే కళ్ళు చికిలించుకుని పని చేశాడు. అరగంటలో వ్యాను కదిలింది. అప్పటిదాకా పక్కన నిలబెట్టిన పెద్దకారాయన మండిపడితే మేస్త్రి ఒక్కటే అన్నాడు. "మీ బండిలో ఉన్నది మీరే కదండీ. మీరు రేపటిదాకా పాడవరు."

పని అయ్యాక ఆయనకి ఇంకో అలవాటుంది. జేబులోంచి ఎర్ర గోళ్ళరంగు సీసా తీసి, తను బిగించిన నట్టు మీది నుంచి దాన్ని ఆనుకున్న ఇనుము మీదకి సన్నటి గీత గీసేవాడు. నట్టు వెంట్రుకవాసి తిరిగినా గీత విరిగిపోతుంది. తను బిగించినదాని మీదే గీసేవాడు, వేరొకరి బిగింపు మీద గీసేవాడు కాదు. దాన్ని "నా సంతకం" అనేవాడు. సీసా భార్యది. ఆవిడ ఎక్కడ దాచినా వెతికి పట్టుకునేవాడు. "నా గోళ్ళకి నేదు గానీ, జిల్లాలో నట్లన్నిటికీ పెళ్ళికూతురు సోకు" అని ఆవిడ దెప్పేది.

ఇక నా కారు సంగతి. అది నా దగ్గరికి వచ్చేటప్పటికే ఇద్దరి చేతులు మారిన పాత కారు. మనిషి ఎత్తుని బట్టి స్టీరింగుని పైకీ కిందకీ జరుపుకోవడానికి కింద చిన్న లివరు ఉంటుంది. లివరు మూస్తే చక్రం ఉన్నచోట నిలబడాలి. నాది నిలబడడం మానేసింది. గతుకు తగిలితే చాలు, మెల్లగా నా ఒళ్ళోకి వాలిపోయేది. నేను చేసిన వైద్యం వింటే నవ్వుతారు. పాత కండువా మడతలు పెట్టి గొట్టం కింద సందులో కుక్కేశాను. దాంతోనే వానాకాలమంతా ఊళ్ళు తిరిగాను.

మేస్త్రి ఆ కండువా లాగి నా మొహం ముందు ఆడించాడు. "ఇదేటి బావా, స్టీరింగుకి గోసీ కట్టేవు?"

బ్యాటరీ వైరు తీసి, గొట్టం మీది మూత విప్పాడు. లోపల పసుపుతాళ్ళ ముద్ద బయటపడింది. దసరాకి బండికి పూజ చేసి స్టీరింగు కింద తాడు కడతాం కదా. పాతది తియ్యం, దాని మీదే కొత్తది కడతాం. పాత యజమానులు కట్టినవీ నేను కట్టినవీ అన్నీ లివరు మొదట్లో చుట్టుకుని, తిప్పగా తిప్పగా లోపలికి ఈడ్చుకుపోయాయి. కుంకం, గంధం, ఎండిన బంతిరేకలు కలిసి రాయిలా గట్టిపడి లివరుని పూర్తిగా మూసుకోనివ్వడం లేదు. సగం మూసిన లివరు కింద నట్టు రోజూ కొంచెం కొంచెం వదులైపోయింది.

"అవి దేవుడి తాళ్ళు. కత్తెర పెట్టావంటే ఊరుకోను" అన్నాను. గొంతు పెంచే అన్నాను.

"కత్తెర ఎట్టను. తాడు తీత్తాను, దేవుడెక్కడికీ పోడు" అన్నాడు.

స్క్రూడ్రైవరు మొనతో ఒక్కొక్క ముడీ విప్పాడు. కోసేస్తే క్షణం పని. గంట పైనే కూర్చున్నాడు. అన్నిటినీ కాగితంలో పొట్లం కట్టి, కళ్ళకద్దుకుని నా చేతిలో పెట్టి, "పారే నీటిలో ఒదిలీ" అన్నాడు. తరవాత లివరు నట్టు బిగించాడు. కింద గొట్టాన్ని బండికి పట్టి ఉంచే రెండు బోల్టులకి కూడా నా ముందే పానా వేసి చూసి, "ఇవి బిగుతుగానే ఉన్నాయి" అని వదిలేశాడు. లివరు నట్టు మీద ఎర్రగీత గీసి, కంచం బోర్లించాడు.

కొన్నాళ్ళు చక్రం చెక్కుచెదరలేదు. ఆ తరవాత ఒక మధ్యాహ్నం మాకవరపాలెం వెళ్తుంటే, మలుపులో టక్కుమని చప్పుడు చేసి అంగుళం కిందకి దిగిపోయింది. చేతులు తడబడి కారు రోడ్డు వార మట్టిలోకి దూకింది. దెబ్బ తగల్లేదు. ఊరు చేరేసరికి భయం పోయి కోపం మిగిలింది. ఆ రోజు చెప్పాల్సిన విషయం సోమరితనం. నాకు ఉదాహరణ దొరికేసింది.

"అయ్యలారా! సగం మనసుతో చేసిన పని పాపం! అనకాపల్లిలో ఒక స్టీరింగు మేస్త్రి ఉన్నాడు, మీకందరికీ తెలుసు. నట్టు బిగించడు, గోళ్ళరంగు పూస్తాడు! అలాంటివాడి చేతిలో మీ ప్రాణాలు పెడతారా?"

జనం ఘొల్లున నవ్వారు. చెబితే సిగ్గుచేటు, ఆ నవ్వు నాకు తియ్యగా ఉంది. ఇంకో రెండు మాటలు కలిపాను.

ఆ జనంలో సగం జీపులవాళ్ళూ ఆటోవాళ్ళూ. ఆ వారం నుంచి మాకవరపాలెం బండి ఆయన షెడ్డుకి రాలేదు. మేస్త్రికి ఈ లోకంలో ఉన్నదల్లా పనిమంతుడన్న పేరొక్కటే. దాన్ని నేను మైకు పెట్టి నవ్వులపాలు చేశాను.

మూడో రోజున కారు తీసుకుని షెడ్డుకి వెళ్ళాను. చెయ్యి తుడుచుకుంటూ ఎదురొచ్చాడు.

"రండి గురువుగారండీ" అన్నాడు.

షెడ్డులో ఇద్దరమే ఉన్నాం. అయినా గురువుగారండీ అన్నాడు. కబురు చేరిందని తెలిసిపోయింది. అప్పటికీ నాకు పొగరు దిగలేదు. "నీ పని నిలవలేదు" అన్నాను.

"సూద్దామండి. ఈ టార్చి అట్టుకోండి."

సీటు వెనక్కి తోసి, నా ఇంత శరీరాన్నీ పెడళ్ళ దగ్గర వెల్లకిలా పడుకోబెట్టాడు. కాళ్ళు తలుపు బయట వేళ్ళాడుతున్నాయి. టీకొట్టు ఆవిడ చూసి అరిచింది. "అదేటండీ గురువుగారూ, ఆకరికి మేస్త్రి కాళ్ళ కాడ పడిపోయేరు!"

మేస్త్రి నవ్వలేదు. మూత తీశాడు. "లివరు నట్టు మీద టార్చి ఎయ్యండి. గీత ఉన్నాదా?"

ఉంది.

"ఇరిగిందా?"

విరగలేదు. నట్టు మీది నుంచి ఇనుము మీదకి తిన్నగా, ఎర్రగా, గీసిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది.

"సదవండి. మీరు సదువుకున్నోరు కదా" అన్నాడు.

ఎన్నో ఊళ్ళలో గ్రంథం చదివిన నోరు నాది. ఆ ఒక్క గీత చదవడానికి నోరు రాలేదు. తరవాత టార్చి కిందకి వెయ్యమన్నాడు. గొట్టాన్ని బండికి పట్టి ఉంచే బోల్టుల్లో ఒకటి సగం ఊడి ఉంది. అది దూరిన రంధ్రం గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా సాగిపోయింది.

"అప్పుడు మీ ముందే పానా ఏసి సూసేను, బిగుతుగా ఉన్నాయి. వాటంతటవి ఇలగ అవ్వవు. ఎవుడో పైనుంచి కొట్టాల."

"నా బండిని ఎవడు కొడతాడు?"

"తెలీదండి. మీరు తోలండి, నాను పక్కన కూకుంటాను."

బోల్టుని అప్పటికి సరిపడా బిగించి నా పక్కన ఎక్కాడు. శారదా నది వంతెన వైపు పోనిచ్చాను. ఆ సాయంత్రం చీడికాడలో ప్రవచనం ఉంది. దారిలో సాధన చేసుకోవడం నాకు మొదటి నుంచీ అలవాటు. కారే నా వేదిక, స్టీరింగే నా బల్ల. విషయం నాలుక. పక్కన మనిషి ఉన్నాడన్న మాట కూడా మరిచిపోయి మొదలుపెట్టాను. "మనిషీ! నీ నాలుక ఎవరి కొంప కూల్చింది? మనిషీ! అన్నమాట వెనక్కి తెచ్చుకోగలవా?" మాటకొక గుద్దు. పిడికిలి బిగించి చక్రం నడినెత్తిన గుద్దుతున్నాను. హారను ఒకటి రెండుసార్లు తనే మోగింది.

మేస్త్రి వేళ్ళు మడుస్తున్నాడు. వంతెన దగ్గర, "ఆపు బావా" అన్నాడు.

బావా అన్నాడు! బండి ఆపాను.

"ముప్పై రెండు" అన్నాడు. "బెల్లం మార్కెట్టు నుంచి ఇక్కడికి ముప్పై రెండు గుద్దులు. ఓరి బావా, నీ ప్రవచనం జనం మీద కాదురా, నా బోల్టు మీద పడతంది!"

మొహం చెల్లక తలుపు తీసి దిగబోయాను. స్టీరింగుని రెండు చేతులతో పట్టుకుని ఒళ్ళు పైకి లాక్కున్నాను. వెనక నుంచి మళ్ళీ కేక. "ఇదిగో, ఇదొకటి! అది బండి తిప్పడానికా, నువ్వు లెగడానికి సేతికర్రా?"

రోడ్డు పక్కన రాయి మీద కూలబడ్డాను. ఆయనొచ్చి పక్కన కూర్చున్నాడు. "నువ్వు సెప్పిన మాట బాగుంది బావా. మంచి మాటకి గుద్దు అక్కర్నేదు" అన్నాడు.

చేతులు పట్టుకున్నాను. తప్పయిపోయిందన్నాను. ఆయన చేతులు విడిపించుకోలేదు గానీ, వంతెన వైపు చూస్తూ అన్నాడు.

"నాకు సెప్తే ఏటొత్తాది? మైకులో అన్నమాట నానింటే కదా. ఇన్నోల్లు మాకవరపాలెంలో ఉన్నారు."

మళ్ళీ ఆ మాట ఎత్తలేదు, బతికినన్నాళ్ళూ.

కారు రెండు రోజులు ఉంచుకున్నాడు. ఆ పాత బండికి సామాను దొరకదు. గొట్టాన్ని దింపి, సాగిన రంధ్రానికి వెల్డింగు పోయించి, మళ్ళీ గుండ్రంగా తొలిపించి, లేతు మీద కొలతకి ఒక బుష్, అంటే ఆ రంధ్రంలో ఇమిడే చిన్న ఇనుపకట్టు, తీయించి కూర్చోబెట్టాడు. కొత్త బోల్టులు వేశాడు. ఈసారి అన్నిటి మీదా గీతలు గీశాడు. నాకు కారు దిగడం కూడా నేర్పాడు. ముందు రెండు కాళ్ళూ బయట పెట్టాలి, తలుపు పైన పిడి పట్టుకోవాలి, అప్పుడు లేవాలి. ఇంట్లోంచి పాత దిండొకటి తెచ్చి పక్కసీట్లో పడేశాడు. "గుద్దాలనిపిత్తే దీన్ని గుద్దు." ఆ దిండులో దూది ఇప్పుడు పొడైపోయింది.

స్టీరింగు బాగుపడింది. నేను బాగుపడలేదు. ఆ తరవాత రెండుసార్లు మాకవరపాలెం వెళ్ళాను, రెండుసార్లూ వేరే విషయాలు చెప్పి వచ్చేశాను. తప్పు ఒప్పుకుంటే గ్రంథానికి మచ్చ వస్తుందని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. పచ్చి అబద్ధం! గ్రంథానికి ఏ మచ్చా రాదు. వచ్చేది నా కండువాకి. పక్కవాడి పాపాన్ని పేరు పెట్టి పిలిచే నోరు, తన పాపం దగ్గరికొచ్చేసరికి కండువా అడ్డం పెట్టుకుంది.

రెండోసారి వెళ్ళొచ్చాక మేస్త్రి భార్య బజార్లో ఎదురుపడింది. కూరల సంచి కింద పెట్టి మరీ అడిగింది. "ఏటన్నయ్యా, మా ఆయన పేరు మాకవరపాలెంలో మర్సిపోయి మళ్ళీ ఒట్టి సేతుల్తో వచ్చీసేవా?"

ఇంటికెళ్ళి గ్రంథం తెరిచాను. ఏ పుట తెరిచినా ఆవిడ ప్రశ్నే కనబడింది. మర్నాడు నేనే మాకవరపాలెం కబురు పెట్టాను, పిలవకపోయినా వస్తున్నానని. మేస్త్రిని రమ్మన్నాను.

"నీ మాటలినడానికి రాను. ఆ దారి గతుకుల్లో నా బుష్ ఎలగుందో సూసుకోవాల, అందుకు వత్తాను" అన్నాడు. దారంతా చెయ్యి డాష్‌బోర్డు మీద ఆనించి, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

సాయంత్రం నాలుగు గంటలు. అదే మైదానం, అవే జీపులు, ఆటోలు, వాటి మీదెక్కి కూర్చున్న అవే మొహాలు. మేస్త్రి జనం వెనక ఎక్కడో నిలబడ్డాడు. నేను బల్ల ఎక్కాను. మైకు స్టాండు నా నోటిదాకా లాగాను. సర్రున జారి నడుం దగ్గరికి పోయింది. మళ్ళీ లాగాను, మళ్ళీ జారింది. వంగి మాట్లాడబోతే కుయ్యిమంది. జనం నవ్వుతున్నారు.

నిజం చెబుతున్నాను, లోపల నాకు హాయిగా అనిపించింది. మైకు పాడైందని నమస్కారం పెట్టి దిగిపోవచ్చు. ఎవరూ తప్పుపట్టరు. నమస్కారానికి చేతులు కూడా జోడించాను.

అప్పుడు జనాన్ని తోసుకుంటూ మేస్త్రి వచ్చాడు. బల్ల ఎక్కి, నాకేసి చూడకుండా స్టాండు ముందు కూర్చుని, బిగించే మర తీసి వెలుగుకి పెట్టి చూశాడు.

"మర అరిగిపోయింది. ఇది బిగవదు" అన్నాడు.

మర జేబులో వేసుకున్నాడు. లేచి, పైగొట్టాన్ని నా నోటికి సరిగ్గా వచ్చేదాకా ఎత్తి, కుడిచేత్తో బిగించి పట్టుకున్నాడు.

"నాను అట్టుకుంటాను. సెప్పండి."

చెప్పాను. ఆ రోజు ఇక్కడ నిలబడి నేను అన్నది అబద్ధమని చెప్పాను. లివరు నట్టు మీద గీత విరగలేదని చెప్పాను. బోల్టు వదులుచేసిన పిడికిలి ఇదేనని చెయ్యెత్తి చూపించాను. ముప్పై రెండు గుద్దుల లెక్కా చెప్పాను. జీపు మీది నుంచి ఒకడు కేకేశాడు. "ఏటండీ గురువుగారూ, మేస్త్రి మీద ఏసిన నింద తీడానికి మైకు కూడా మేస్త్రి సేతే అట్టించేరేటి!" మైదానమంతా నవ్వింది. మేస్త్రి కూడా నవ్వాడు, భుజాలు కదిలాయి. చెయ్యి కదల్లేదు.

యుద్ధం మధ్యలో రథం ఇరుసు చీల ఊడిపోతే, తన వేలు పెట్టి రథాన్ని నిలబెట్టిన రాణి కథ నేను ఎన్నో ఊళ్ళలో చెప్పాను. ఆవిడ ఆ వేలికి రెండు వరాలు సంపాదించుకుంది. నా పక్కన నిలబడినవాడు ఒక్కటీ అడగలేదు. కళ్ళు మూసుకుని, తల కొంచెం వంచి, ఇనుములోంచి వచ్చే నా గొంతు వింటున్నాడు. గోళ్ళ సందుల్లో నల్లటి గ్రీజు, మణికట్టు మీద ఉబ్బిన నరం, ఎండకి మెరుస్తున్న స్టాండు. నా మాటలు పూర్తయి, జనం లేచి, మైకు తీసేశాక కూడా ఆయన ఆ గొట్టాన్ని అదే ఎత్తులో పట్టుకుని ఉన్నాడు.